ఎవరి మనిషి

కువైట్ శివారు వఫ్రాలో కారు దిగుతుండగా వనిత చేతిలోంచి పులిహోర గిన్నె జారింది.

కింద పడలేదు. గేటు పక్కన నిలబడ్డ ఒకామె చటుక్కున వచ్చి పట్టుకుంది.

ఒంటిమీద నల్లటి అబాయా, చేతిలో జిప్పు తెగిన బ్యాగు. మొహం చూడగానే మనవైపు మనిషని తెలిసిపోతోంది.

"థ్యాంక్సమ్మా. అదే చేత్తో లోపల పెట్టెయ్" అంది వనిత.

ఆమె పెట్టింది. అక్కడితో మొదలైంది.

అది జంతువులను కాపాడే తోట. కువైట్‌లో డబ్బున్నవాళ్లు కొందరు ముచ్చటపడి ఆఫ్రికా నుంచి సింహం పిల్లల్ని దొంగచాటుగా తెప్పించి ఇళ్లలో పెంచుతారు. మోజు తీరి, తిండి పెట్టేవాళ్లు లేక చిక్కి శల్యమయ్యాక కొన్ని ఇక్కడికి చేరతాయి. కోలుకుంటే మళ్లీ ఆఫ్రికాలోని అభయారణ్యానికి పంపిస్తారు. శుక్రవారం వస్తే చాలు, కుటుంబాలన్నీ పిల్లల్ని వెంటేసుకుని సేవ చేయడానికి ఇక్కడికి వస్తాయి. సేవ కాసేపు, ఫొటోలు చాలాసేపు.

వనిత, ఆమె భర్త రమేష్‌బాబు, కూతురు ఎగైలా అనే పేట నుంచి వచ్చారు. ఆ రోజు ప్రత్యేకం. ఒక సింహం పిల్ల ఆఫ్రికా వెళ్లిపోతోంది. సాయంత్రం బోను లారీ ఎక్కుతుంది.

"హమీదక్క యాడుంది మా? నన్ను రమ్మనింది" అడిగింది అబాయా ఆమె.

తోటను చూసుకునే హమీదా బీ పొద్దుటి నుంచి డాక్టరుతో బోను దగ్గరే ఉంది. పిల్ల బెదురుతుందని అటు ఎవరినీ రానివ్వడం లేదు.

వనితకు విషయం అర్థమైంది. అర్థమైందనే అనుకుంది. ఇంతమందికి వడ్డించాలి కదా, సాయానికి హమీదా ఎవరినో పిలిపించి ఉంటుంది.

"ఆమె లోపల బిజీగ ఉందమ్మా. నువ్వు జర ఈ ఉల్లిగడ్డలు కోసిపెట్టు."

ఆమె ఏదో చెప్పబోయింది. వనిత అప్పటికే ఉల్లిగడ్డల బుట్ట ముందుకు జరిపింది. అబాయా చేతులు పైకి మడిచి కత్తిపీట ముందు కూర్చుంది.

ఇక ఆమెకు ఊపిరాడితే ఒట్టు. ఒకరు పిల్లల చెప్పులకు అంటిన పేడ కడగమన్నారు. ఒకరు చంటిపిల్లను చేతికిచ్చారు. సల్వా నుంచి వచ్చినవాళ్లు ఆమెను ఎగైలా వాళ్ల ఖద్దామా అనుకున్నారు. ఎగైలా వాళ్లు సల్వా వాళ్ల పనిమనిషి అనుకున్నారు. వెంట పనిమనిషి లేకుండా సేవకెవరొస్తారు గనక.

"మా, ఆ సింహం పిల్ల బాగా తింటాందా?"

"మస్తు తింటది. పోయినవారం మా పాప చికెన్ ఏసింది."

"లేచి నిలబడతాందా?"

"నిలబడుడేంది, ఉరుకుతది."

గిన్నె తోమడం ఆపి ఆమె నవ్వింది. అంత సంతోషం దేనికో వనితకు తెలియలేదు.

"ఒక్కసారి దాన్ని చూసిపోతా మా. దానికే వచ్చినా."

"చూద్దువుగాని. ముందు వడ్డన కానియ్యి."

వడ్డన అయింది. అందరూ తిన్నాక వనిత గుర్తుపెట్టుకుని మరీ ఆమెకు పులిహోర, పెరుగన్నం పెట్టిచ్చింది. తన మంచితనానికి తనకే ముచ్చటేసింది.

"ఇప్పుడు చూసొచ్చేదా మా?"

"ఈ గిన్నెలొక్కటి అయిపోతే నేనే తీస్కపోత."

గిన్నెలు అవుతుండగానే బయట టాక్సీ హారను మోగింది. ఆమె గబగబా చేతులు తుడుచుకుని బ్యాగు అందుకుంది.

"పోవాల మా. విమానానికి టైమయితాది."

"ఊరికా? సెలవు దొరికిందా?"

"సెలవు కాదు మా. ఖలాస్. ఇంగ రాను."

"అట్లనా. మంచిగ పో మరి" అంది వనిత, ఫొటోకి రమ్మని అవతల పిలుస్తుంటే చీర సర్దుకుంటూ.

ఆమె బోనున్న షెడ్డు వైపు మెడ చాచి చూసింది. ఇక్కణ్నుంచి రేకుల గోడ తప్ప ఏమీ కనపడదు.

"హమీదక్కకు చెప్పు మా, వచ్చిపోయినానని."

చెప్తానంది వనిత. పేరు అడగాలని తోచలేదు.

టాక్సీ వెళ్లిన కాసేపటికి హమీదా బీ బయటికొచ్చింది. అందరూ ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు.

"కొంచెం ఆగండి. ఒక మనిషి రావాల. ఆయమ్మ వచ్చి చెయ్యేస్తే గానీ బోను కదిలించం" అంది.

"ఎవరు మేడం, ఎంబసీ వాళ్లా?" రమేష్‌బాబు కాలరు సర్దుకున్నాడు.

"కాదు సార్. అంకాలమ్మని, మా రాయచోటి సైడు. నేనూ ముఖం చూడలేదు, ఫోన్లో గొంతే. పొద్దున్నే వస్తానని చెప్పింది."

వనిత చేతిలో ఫోను దించింది.

"నల్ల అబాయా... జిప్పు తెగిన బ్యాగు..."

"వచ్చిందా? యాడుంది?"

"పోయింది."

"దాన్ని చూడకుండానే?"

వనిత గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఆ పేరు పెట్టి రెండుసార్లు గట్టిగా పిలిచింది. పలికే మనిషి అప్పటికే విమానాశ్రయం దారిలో ఉంది.

తిరిగి వచ్చేసరికి హమీదా అక్కడే నిలబడి ఉంది.

"పొద్దుటి నుంచి ఈడే ఉంటే, ఏం చేస్తాండింది మా ఆయమ్మ?"

"గిన్నెలు కడిగింది." ఆ రెండు మాటలు అనేసరికి వనితకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

హమీదా కుర్చీలో కూలబడింది. ఎవరి వైపూ చూడకుండా మెల్లగా అంది:

"సల్వాలో తాను పని చేసే ఇంటి మేడ మీద ఆకలికి చస్తాండే ఈ పిల్లకు తన పాలికొచ్చిన మాంసం పెట్టి బతికించి, బాత్రూంలో దాక్కొని మాకు ఫోన్ చేసి, ఆ ఒక్క ఫోన్‌కే పని పోగొట్టుకున్న మనిషి మా ఆయమ్మ."