లెక్కలోకి రాని ఆదాయం

"ఆదాయ పరిమితి దాటిపోయింది, ఓరిన్ గారూ," అంది సంక్షేమ ఆఫీసు ఉద్యోగిని మార్లిస్, కాగితాల మీంచి తలెత్తి. "ముగ్గురున్న ఇంటికి ఉండాల్సిన దానికంటే నెలకి నలభై డాలర్లు ఎక్కువొస్తోంది మీకు."

ఎదురుగా కూర్చున్న అరవై ఎనిమిదేళ్ల ఓరిన్ తల ఊపాడు. నార్త్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో ఆయన బడి బస్సు నడుపుతాడు. రెండేళ్ల కోల్టర్ ఆయన ఒళ్లో నిద్రపోతున్నాడు. నాలుగేళ్ల బ్రిన్ మోకాలికి ఆనుకుని నిలబడింది. తెల్లారకముందే ఆయన బస్సెక్కితే వీళ్లని చూసేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ చూసిన పొరుగావిడ ఊరు మారిపోయింది. డేకేర్ ఫీజుకి సర్కారు సాయం అడగడానికి వచ్చాడు.

మార్లిస్ గొంతు తగ్గించింది. "చర్చి ముందు మంచు తీసినందుకు నెలకి అరవై అని రాశారు. చేతిలో పెట్టే డబ్బేగా, ఎవరడిగారు మిమ్మల్ని?"

"మీరేగా అడిగారు, కాగితంలో."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆదాయం దాచినవాళ్లని ఎందరినో చూసింది మార్లిస్. తన నోటి ముందు కూడు తనే తీసి పక్కన పెట్టేసే మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"తాతా, జడ ఊడిపోయింది," అంది బ్రిన్.

ఒళ్లో పిల్లాడికి మెలకువ రాకుండా, ఓరిన్ తన మోటు వేళ్లతోనే చకచకా అల్లేశాడు.

"ఎవరు నేర్పారండీ?"

"మా బస్సులో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. నవ్వీ నవ్వీ నేర్పారు."

"వీళ్లమ్మ మీ అమ్మాయా?"

"కాదు. జైల్లో ఉంది."

"కోడలా?"

"ఏమీ కాదమ్మా." జేబులోంచి మడతపెట్టిన కోర్టు ఉత్తర్వు తీసి ఇచ్చాడు.

చదివి మార్లిస్ నిటారుగా కూర్చుంది. "ముందే చెప్పరేం! చుట్టం కాని మనిషిని కోర్టు సంరక్షకుడిగా పెడితే మీ ఆదాయం లెక్కలోకే రాదు. పిల్లల ఆదాయమే చూస్తాం."

"కోల్టర్‌కి నిన్న సోఫా కింద పావలా నాణెం దొరికింది. రాయాలా?"

ఆమె పకపకా నవ్వి ముద్ర కొట్టింది. కానీ ఉండబట్టలేకపోయింది.

"ఏమీ కాని పిల్లల్ని ఈ వయసులో ఎలా తెచ్చుకున్నారండీ?"

"బ్రిన్, ఆ మూల చేపలున్నాయి, చూసిరా తల్లీ." పాప వెళ్లేదాకా ఆగాడు. "తల్లికి శిక్ష వేసిన రోజు కోర్టు బెంచీ మీద వీళ్లిద్దరే మిగిలారు. తీసుకెళ్లడానికి ఒక్కరూ రాలేదు. పిల్లాడు వణుకుతుంటే నా కోటు కప్పాను. ఇక వదిలి రాలేకపోయాను. తల్లి కూడా ఒప్పుకుని సంతకం పెట్టింది."

"ఏం చేసిందామె?"

"తాగి కారు నడిపింది. ఓ కుర్రాడు చనిపోయాడు."

"మరి ఆ రోజు మీరెందుకు వెళ్లారు కోర్టుకి?"

ఓరిన్ నిద్రపోతున్న పిల్లాడి వీపు నిమిరాడు.

"ఆ కుర్రాడు నా కొడుకమ్మా."