చెట్టుకు ఒడిబియ్యం

వీణ ఆర్కిడ్ పూలమొక్క కుండీని రెండు చేతులతో పట్టుకుని బకెట్లో ముంచింది. సెల్‌ఫోన్లో పది నిమిషాలకు అలారం పెట్టింది. భుజాన తువ్వాలుతో మామ భిక్షపతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అయిందా?"

"ఇప్పుడే ముంచిన మామా. ఇంక తొమ్మిది నిమిషాలు."

"దినం తప్పి దినం వచ్చే నల్లా. మొదటి బకెట్ దానికి. నాకు చెంబెడు."

"ఇయ్యాల్టితోని అయిపోతది గద! మేడమొచ్చి తీసుకపోతది."

ఆ మాట వినడానికే భిక్షపతి పొద్దున్నుంచి నాలుగోసారి అడిగాడు. శాలిబండలోని ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. కూలరున్నది ఒక్కదాంట్లో. ఈ మే నెలంతా ఆ గదిలో, కిటికీ పక్కన, అతని మంచం మీద ఆర్కిడ్ ఉంటోంది. కిటికీకి తడి చీర, మంచానికి దోమతెర. భిక్షపతి మాత్రం వీధి చివర వైకుంఠం ఇస్త్రీ దుకాణంలో బల్ల మీద పడుకుంటున్నాడు.

అతని కొడుకు, వీణ భర్త నగేష్ గోడకు అంటించిన కాగితం మళ్లీ చదువుతున్నాడు. అతను అటెండరు. ఢిల్లీలో శిక్షణకు వెళ్తూ ఆఫీసరు మైథిలి మేడం ఆర్కిడ్‌ను అతనికి అప్పగించి, ఎలా చూసుకోవాలో రాసి ఇచ్చిన కాగితం అది.

"ఆకుల నడుమ నీళ్లు నిలవొద్దంట. దూదితోని తుడిచినవా వీణా?"

"ముందు నీళ్లల్లకెల్లి బయటికి రానియ్యి."

"పైలం. ఒక్క ఆకు పండినా నన్ను ఆదిలాబాద్ పంపుతది."

"పంపనియ్యిరా. ఒక మనిషన్న తక్కువైతడు ఇంట్ల," అన్నాడు భిక్షపతి.

అలారం మోగింది. వీణ కుండీని పైకెత్తి నీళ్లన్నీ కారిపోయేదాకా పట్టుకుంది. కుండీలో మట్టి లేదు. బొగ్గుముక్కలు, బెరడుముక్కలు, వాటి మధ్య బూడిదరంగు వేర్లు. సన్నటి కాడకు మూడు మొగ్గలు. దూదితో ఆకుల సందులు తుడిచి మంచం మీద పెట్టింది.

అప్పుడు అత్త ఆగమ్మ పళ్లెంతో లోపలికి వచ్చింది. పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, కొత్త రవిక గుడ్డ.

"ఏందే ఇది?" అన్నాడు భిక్షపతి.

"ఒడిబియ్యం. నెల దినాలు మనింట్ల ఉన్నది. ఆడిబిడ్డను ఉత్తగ సాగదోలుతరా?"

"చెట్టు ఆడిబిడ్డెట్లయిందే?"

"మొగ్గలేసింది గద. నువ్వేస్తవా?"

"అమ్మా, బియ్యం పడితే వేర్లు కుళ్లుతయి!" నగేష్ అడ్డం వచ్చాడు.

"కుండీల ఎవలు పోస్తున్నరు? ఒడిల పోస్త."

ఆగమ్మ రవిక గుడ్డను కుండీ చుట్టూ కట్టి, ముందువైపు సంచిలా జార్చి, అందులో ఐదు దోసిళ్ల బియ్యం పోసింది. కుండీకి బొట్టు కూడా పెట్టింది. నగేష్ అది విప్పబోయేలోపే గల్లీలో కారు ఆగింది.

మైథిలి మేడం ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చింది. చెట్టు ముందు చాలాసేపు నిలబడింది.

"రెండేళ్లు నా దగ్గరుంది. ఒక్క మొగ్గ వెయ్యలేదు," అంది. తడి చీరను ముట్టుకుంది. కూలరు గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. "ఇవన్నీ దీని కోసమేనా?"

"కాగితంల చల్లగ ఉంచుమన్నరు గద మేడం," అన్నాడు నగేష్.

"ఈ బియ్యం?"

ఆగమ్మే జవాబు చెప్పింది.

"ఒడిబియ్యం బిడ్డా."

"అమ్మా! మేడం అను."

"మేడం బిడ్డా, తల్లిగారింటికెల్లి అత్తగారింటికి పోయే పిల్లకు పోస్తం. మీ దిక్కు పొయ్యరా?"

"పోస్తారేమో. నాకు పెళ్లయి పన్నెండేళ్లండీ. అమ్మ ముందే పోయింది. ఎవరూ పొయ్యలేదు." మేడం మంచం అంచున కూర్చుంది. "పోస్తే ఏమవుతుంది?"

"ఏమైతది? పోసిన ఇల్లు ఆ పిల్లది. ఎప్పుడైన రావచ్చు, ఎన్ని దినాలైన ఉండొచ్చు. పొమ్మనేటోడు ఉండడు."

మేడం మెల్లగా కొంగు చాచింది.

"బియ్యం ఇంకా ఉన్నాయా అమ్మా?"

ఆగమ్మ కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నగేష్‌కు ఊపిరి వచ్చింది. ఒళ్లో బియ్యం పోసిన ఇంటి మనిషిని ఎవరైనా ఆదిలాబాద్ పంపుతారా? భిక్షపతి అందరికంటే ఎక్కువ హడావిడి పడ్డాడు. బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తెచ్చాడు, కుడుకలు అందించాడు.

"పొయ్యవే, నిండుగ పొయ్యి. జల్దీ కానియ్యి. పాపం, మేడం ఇంటికి పోవాలె."

ఐదు దోసిళ్లు పడ్డాయి. మేడం కొంగు ముడి వేసుకుంది. భిక్షపతి చెట్టును స్వయంగా ఎత్తుకుని గుమ్మం దాకా తీసుకువెళ్లాడు.

మేడం మంచం మీదికి కాళ్లు పెట్టుకుని, కూలరు వైపు తిరిగి కిటికీలోంచి డ్రైవర్ని కేకేసింది.

"నగేష్ వాళ్ల నాన్నగారి చేతిలో చెట్టుంది, తీసుకెళ్లి ఇంట్లో దించెయ్యి. నా సూట్‌కేసు మాత్రం ఇక్కడికి పట్రా."

భిక్షపతి చెట్టును డ్రైవరు చేతుల్లో పెట్టి, భుజాన తువ్వాలు సర్దుకుని వైకుంఠం దుకాణం వైపు నడిచాడు.