మూడో కాగితం

“నిన్నటి నాటకం బాగాలేదు. నా టికెట్టు డబ్బులు నాకు ఇప్పించు తల్లీ,” అంది పెద్దావిడ, చిరిగిన టికెట్టు ముక్కను కిటికీలోంచి లోపలికి తోస్తూ.

టికెట్ల అమ్మాయి చిల్లర లెక్కపెట్టడం ఆపేసింది. పొద్దున్న పదైనా కాలేదు. హాల్లో ఇంకా కుర్చీలు తుడుస్తున్నారు.

“ఏం బాగాలేదు పెద్దమ్మా? చలి వేసిందా? వెనక వరుసలో వినపడలేదా?” అని ఆశగా అడిగింది. మైకుదో, ఏసీదో తప్పయితే మెకానిక్కు మీదికి నెట్టేయచ్చు.

“అన్నీ బాగానే ఉన్నాయి. ముందు వరుసలోనే కూర్చున్నా. సరంగు వేషం కట్టినాయన మాటలు మర్చిపోయాడు.”

అమ్మాయి భయపడుతున్నది సరిగ్గా దానికే. ఆ నాటకంలో ముసలి సరంగు ముప్పై ఏళ్లు నడిపిన పడవను చివరిసారి ఒడ్డున కట్టేసి, దాన్ని తడిమి తడిమి వీడ్కోలు చెప్పి వెళ్లిపోతాడు. ఆ వేషం కట్టే పెద్దాయనంటే అమ్మాయికి ప్రాణం. వచ్చినప్పుడల్లా ఈ కిటికీ దగ్గర ఆగి, తిన్నావా లేదా అని అడిగిగాని లోపలికి వెళ్లడు. ఆర్నెల్లుగా ఆయనకు మాటలు జారిపోతున్నాయి. నాటక సమాజానిదేమో ఒక మొండి పద్ధతి. డబ్బు వాపసు కావాలంటే కారణం కాగితం మీద రాసివ్వాలి. ఒకే నటుడి పేరు మీద మూడు కాగితాలు పడ్డాయంటే ఆ వేషం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెద్దాయన మీద ఇప్పటికే రెండున్నాయి. ఆ తర్వాత వచ్చిన నలుగురినీ అమ్మాయే బతిమాలి, బామాలి తిప్పి పంపేసింది.

“ఒకటి రెండు మాటలు అటూ ఇటూ అయితే ఏముందిలే పెద్దమ్మా.”

“ఒకటి రెండా? పదకొండు చోట్ల తప్పాడు.”

“అయ్యబాబోయ్, లెక్కపెట్టారా!”

“తాడు విప్పేటప్పుడు అనాల్సింది లంగరు దగ్గర అన్నాడు. లంగరు దగ్గర మాట అసలు అననే లేదు.”

“ఈ నాటకం చాలాసార్లు చూసినట్టున్నారే!”

“చూడటం నిన్ననే. వినడం ఏళ్లుగా వింటున్నా.”

రేడియోలో కాబోలు అనుకుంది అమ్మాయి. ఇలాంటివాళ్లతోనే చచ్చే చావు. చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, అక్షరం పొల్లు పోనివ్వరు.

“టీ తాగుతారా? తెప్పిస్తా. వచ్చేవారం హాస్య నాటిక ఉంది. ముందు వరుసలో సీటు, ఊరికే ఇస్తా. కడుపుబ్బ నవ్వుకుందురుగాని.”

“నిన్న నవ్వింది చాలమ్మా.”

“నిన్న నవ్వారా?”

“నేను కాదు, జనం. పడవని వదిలిపెట్టే చోట, ఏడవాల్సిన చోట పకపకా నవ్వారు. వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. ఆయన మాట అందక అలా చేతులు చాపి నిలబడిపోయాడు.” పెద్దావిడ తన చేతులు చాపి చూపించింది.

అమ్మాయి గొంతు తగ్గించింది. “అందుకే చెప్తున్నా, వినండి. మీరు రాసిచ్చారంటే మూడో కాగితమవుతుంది. ఆయన్ని తీసేస్తారు. స్టేజీ తప్ప ఆయనకి వేరే లోకం లేదు పెద్దమ్మా.”

“వేషాలు కట్టేవాళ్లంతా ఆ మాటే అంటారు,” అంది పెద్దావిడ.

అమ్మాయి తన పర్సు తెరిచింది. “పోనీ, నా డబ్బు తీసుకోండి. కాగితం గొడవ మాత్రం వద్దు.”

“నీ డబ్బు నాకెందుకు తల్లీ? కాగితమే కావాలి.”

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. “మీ ఇంట్లోవాళ్లకే ఇలా జరిగితే తెలిసేది మీకు!” అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

పెద్దావిడకు కోపం రాలేదు. “నిజమే,” అంది. “ఆ కాగితం ఇలా ఇయ్యి.”

ఇక గత్యంతరం లేక అమ్మాయి కాగితమిచ్చింది. పెద్దావిడ కిటికీ అంచునే ఆనుకుని రాయడం మొదలుపెట్టింది. రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇన్ని తప్పులు ఏకరువు పెట్టిన మనిషి కాగితమంతా నింపేస్తుందనుకుంటే, ఒక్క ముక్కే రాసింది. ‘నటుడు అలసిపోయాడు, ఇక పంపించేయండి.’ కింద గిలికినట్టు ఒక సంతకం.

“ఆయన ఎదురుగా నిలబడి ఈ మాట అనగలరా?” అంది అమ్మాయి ఉక్రోషంగా.

“అనలేను. అందుకే నీ దగ్గరికి వచ్చాను.”

“మరి ఎందుకింత పగ?”

“మొన్నమొన్నటిదాకా ఆయనకి చప్పట్లే తెలుసు. ఈలలు ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఉంచకండి.”

అమ్మాయి ఆ మాట చెవిన వేసుకోలేదు. కసికొద్దీ ముద్ర గుద్ది, డబ్బులు అవతలికి తోసింది. పెద్దావిడ వాటిని చూడనైనా చూడకుండా సంచిలో పడేసుకుని గుమ్మం వైపు తిరిగింది.

అప్పుడే ఆ గుమ్మంలోంచి పెద్దాయన లోపలికి వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. అమ్మాయి గబుక్కున కాగితాన్ని అరచేతి కింద కప్పేసి, ముఖానికి నవ్వు పులుముకుంది.

ఆయన కిటికీ వైపు రాలేదు. కొత్త చోటికి వచ్చినవాడిలా గోడల్నీ, వాటి మీది నాటకాల బొమ్మల్నీ కలయజూశాడు. పెద్దావిడ కనపడగానే ఆయన ముఖం విప్పారింది.

“ఏమేవ్, ఇవాళ నా నాటకం ఎన్నింటికే?” అన్నాడు.