నలభై రెండు కిలోల పాట

"గోడకు గీత పడిందంటే ఊరుకోను!" ఐదో అంతస్తు గుమ్మంలో నిలబడి అరిచాడు విశ్వేశ్వరరావు.

సకల జనుల సమ్మెతో గనుల్లో బొగ్గు ఆగి, నగరంలో కరెంటు కోతలు మొదలైన రోజులవి. కొత్తగూడలోని ఆ అపార్టుమెంటులో లిఫ్టు నడవడం లేదు. నలభై రెండు కిలోల ఆంప్లిఫయర్‌ను షాపు మెకానిక్ భాస్కర్, హమాలీ సాయిలు మెట్ల మీదుగా మోసుకొచ్చి హాల్లో దించారు. సాయిలు మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

"మార్బుల్ మీద పడుతుంది. బయట కూర్చోవయ్యా," అన్నాడు రావు. సాయిలు వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

రావు ఆంప్లిఫయర్‌ను మురిపెంగా నిమిరాడు. "ఎందుకింత బరువో తెలుసా నీకు?"

"లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది సార్, ఇనుము, రాగి. వేడి పోనీకి అల్యూమినియం రెక్కలు. అవి గావాలె. ముంగటి పలక గింత మందం మాత్రం షోకే," అన్నాడు భాస్కర్.

"షోకా? బరువే నాణ్యతయ్యా! సమ్మెలు చేయడం తప్ప మీకేం తెలుసులే."

భాస్కర్ సంచీలోంచి చిన్న పెట్టె తీశాడు.

"ఏమిటది, టిఫిన్ డబ్బానా?"

"నేను కట్టిన ఆంప్లిఫయర్ సార్. మీ స్పీకర్లు మంచిగ పలుకుతున్నయో లేదో చూసుడుకు తెచ్చిన."

"నువ్వు కట్టావా!" రావు పడీపడీ నవ్వాడు. "అవతల పెట్టు, నా కంటికి కనపడకుండా. ముందు పాట పెట్టు."

"సార్, ఇన్వర్టర్ మీద గింత పెద్దది..."

"ఎదురు చెప్పకు! పెట్టమన్నానా?"

భాస్కర్ ఒకసారి గుమ్మం వైపు, సాయిలు వైపు చూశాడు. తర్వాత తన పెట్టెను కనపడకుండా పెద్ద ఆంప్లిఫయర్ వెనక పెట్టి, వంగి తీగలు కలిపాడు.

హాలంతా వయొలిన్ పరుచుకుంది. రావు కళ్లు మూసుకున్నాడు. తీగ మీద కమాను ఆనిన చోటు కూడా వినిపిస్తోంది. పాట అయ్యేసరికి అతని కళ్లు చెమర్చాయి.

"విన్నావా? బరువంటే ఇదీ! నీ డబ్బా ఏడు జన్మలెత్తినా ఇలా పాడుతుందా?"

"పాడదంటరా సార్?"

"దీని పక్కన దాన్ని పెట్టడమే పాపం!" రావు జేబులోంచి పెన్ను తీసి, రసీదు మీద 'అద్భుతం' అని రాసి సంతకం గీశాడు.

అంతలో, అప్పటిదాకా ఆరి ఉన్న హాలు దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

"కరెంటొచ్చింది సార్, ఇగ పెద్దదానికి ప్లగ్గు పెట్టాల్నా?" అన్నాడు భాస్కర్.