సూది తరవాతి నాలుగు రోజులు

“ఈ టెస్టోస్టిరాన్ హార్మోను ఇంజెక్షన్ నాకు బాగా పడిందండీ. మూడు వారాలకోసారి ఇలాగే కానిద్దాం,” అన్నాడు డ్రాయింగు మాస్టారు.

పక్కనున్న భార్య సంచిలోంచి గోడ క్యాలెండరు తీసి డాక్టరమ్మ ముందు పరిచింది. సూది వేయించుకున్న ప్రతిసారీ, తరవాతి నాలుగు రోజులకీ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

“అవి పిల్లలు పెద్దమ్మ ఇంటికెళ్ళిన రోజులు కదే?” మాస్టారు నవ్వాడు. “పెద్దమ్మంటే పడి చస్తారు లెండి.”

“నేనే పంపేస్తున్నా. ఆ నాలుగు రోజులూ మీ కోపానికి పట్టపగ్గాలుండవు.”

మాస్టారి నవ్వు సగంలో ఆగిపోయింది.

డాక్టరమ్మ పాత చీటీ కొట్టేసింది. “మందంతా ఒకేసారి ఎక్కితే కొందరికి ఇంతే. ఇకనుంచి వారం వారం కొంచెంగా ఇద్దాం.” రాస్తున్న కలం ఆగింది. “మరి ఆ నాలుగు రోజులూ మీరెక్కడికి వెళ్తారమ్మా?”

ఆమె క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకుంది.

“నేనూ వెళ్తే ఈయనకి అన్నమెవరు పెడతారండీ?”