మూడో వేణువు

"ఇదీ అపస్వరమే," అంటూ విద్వాంసుడు వేణువును పనిబల్ల మీద పడేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి గరుకు కాగితాల మధ్య ఆగింది.

వారంలో ఇలా వెనక్కి వచ్చింది ఇది మూడోది. ముప్పై ఏళ్ళుగా ఆయన కచేరీ వేణువులన్నీ ఈ ఇరుకు గదిలోనే, ఈ మేస్త్రి చేతిలోనే తయారయ్యాయి. ఇంతకుముందు ఏనాడూ ఒక్కటి తిరిగి రాలేదు.

"ఎక్కడ తేడాగా ఉందయ్యగారూ?" మేస్త్రి మెల్లిగా అడిగాడు.

"ఎక్కడేమిటి? పైస్థాయిలో స్వరాలన్నీ కుంగిపోయి ఉన్నాయి. ఆదివారం కచేరీ. దీన్ని పట్టుకుని వేదిక ఎక్కమంటావా?"

మేస్త్రి వేణువు తీసి ఊదాడు. తన చెవికి స్వరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి రెండు వేణువులకూ అంతే. కానీ విద్వాంసుడు కుంగాయంటే కుంగాయనే నమ్మి, అప్పుడు ఆ రెంటికీ ఎర్రగా కాల్చిన చువ్వతో రంధ్రాలు పెద్దవి చేసి స్వరం పైకి లేపాడు. లేపిన కొద్దీ తనకది గోరుతో గాజు గీకినట్టు వినిపించింది. విద్వాంసుడేమో "ఇప్పుడు కాస్త నయం" అన్నాడు. మర్నాటికి అదీ నచ్చలేదు. రెండ్రోజులుగా మేస్త్రికి అన్నం సయించడం లేదు. అరవై దాటాయి, చెవులే మోసం చేస్తున్నాయేమోనని బెంగ.

"ఒప్పుకో మేస్త్రీ. నీ చెవులు పోయాయి," అన్నాడు విద్వాంసుడు. "ఇక నా శిష్యులెవరూ నీ గడప తొక్కరు."

ఓ మూల కూర్చుని వేణువు చివర్లకు దారం చుడుతున్న మేస్త్రి భార్య పని ఆపింది. లేచి వచ్చి తన ఫోను బల్ల మీద పెట్టింది. శ్రుతి చూపించే ముల్లు తెర మీద వెలిగింది.

"నువ్వూదయ్యా," అంది భర్తతో.

మేస్త్రి ఒక్కో స్వరమే పలికించాడు. స్వరం మారినప్పుడల్లా ముల్లు కదిలి, నడిమధ్యకొచ్చి నిలబడింది. ఒక్కసారి కూడా పక్కకు వాలలేదు.

"యంత్రానికేం తెలుసు సంగీతం," అన్నాడు విద్వాంసుడు. ఆ మాట అంటూ ఆయన ముల్లు వంక చూడలేదు, కిటికీ వంక చూశాడు.

మేస్త్రికి విషయం అర్థమైంది. తన చెవులు బాగానే ఉన్నాయన్న సంతోషం క్షణం కూడా నిలవలేదు.

"ఆడలేక మద్దెల ఓడని..." అనబోయింది భార్య. మేస్త్రి కళ్ళతోనే వారించి, ఆమెను వెనక వసారాలోకి తీసుకెళ్ళాడు.

"చెప్పెయ్యవేం?" అందామె. "ముల్లు చెప్పింది కదా."

"ఆయన బతుకంతా ఆ చెవులే. పోయాయని మొహమ్మీద ఎలా అనమంటావే?"

"ఆయన నిన్ననలేదా?"

"నన్నంటే నేను పడ్డాను. నాకీ చేతులున్నాయి, ఇంకేదో పని చేసుకుంటాను. ఆయనకేముంది?"

"అయితే పిల్లి మెడలో గంట కట్టేదెవరు?" అందామె.

"డాక్టరు," అన్నాడు మేస్త్రి.

తిరిగొచ్చి విద్వాంసుడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరన్నదే నిజం అయ్యగారూ. నా చెవులు పోయినట్టే ఉన్నాయి. మార్కెట్ వెనక చెవుల డాక్టరున్నాడట. ఒక్కణ్ణే వెళ్ళాలంటే కాళ్ళాడటం లేదు. మీరు కాస్త తోడొస్తారా?"

విద్వాంసుడు కోపమంతా దిగిపోయినట్టు స్టూలు మీద కూలబడ్డాడు.

"అలాంటి చోటికి ఒంటరిగా వెళ్ళకూడదు. పద," అన్నాడు.

దారి పొడుగునా ఆయనే ధైర్యం చెప్పాడు. "ఏమీ ఉండదులే. గులిమి గడ్డకట్టి ఉంటుంది. నీళ్ళు కొట్టి తీసేస్తారు. నేనేదో కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకు."

ఆ మాటలకు మేస్త్రి తలెత్తలేకపోయాడు. మంచి మనిషిని మభ్యపెట్టి తీసుకుపోతున్నానే అని లోపల పీకుతోంది.

ఆస్పత్రి మెట్ల దగ్గర విద్వాంసుడు ఆగిపోయాడు. "నువ్వెళ్ళి చూపించుకో. నేనిక్కడే ఉంటా."

"ఇంతదూరం వచ్చి అదేంటయ్యగారూ. పనిలోపని మీరూ ఒకసారి చూపించుకోండి. వయసు మీద పడ్డాక మంచిదే కదా."

"నాకెందుకయ్యా? నా చెవులు నిక్షేపంగా ఉన్నాయి."

మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అంత చనువు తీసుకోలేదు. విద్వాంసుడు విడిపించుకోలేదు, ఒక్కో మెట్టే ఎక్కాడు.

హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కౌంటర్లో ఒకమ్మాయి తల వంచుకుని పేర్లు రాస్తోంది.

"ఇద్దరికీ రాయమ్మా," అన్నాడు మేస్త్రి. "జబ్బు నాకే. ఈయన పెద్ద విద్వాంసులు, ఊరికే ఓసారి పరీక్ష చేయించుకుంటారు."

ఆ అమ్మాయి మేస్త్రి పేరూ వయసూ అడిగి రాసుకుంది. తర్వాత తలెత్తి, మేస్త్రి వెనక దాక్కున్నట్టు నిలబడ్డ మనిషిని చూసింది. ఆయన పేరు అడగలేదు. ఆయనకు వినబడాలని గొంతు బాగా పెంచి, హాలంతా తిరిగి చూసేలా అంది:

"మళ్ళీ వచ్చారా సార్? నాలుగుసార్లు చేసినా రిపోర్టు మారలేదు కదా."