అయిదో కేంద్రం

ఈ పేట ఒడ్డుకు సముద్రపు నాచు కొట్టుకురావడం మొదలై ఇది పందొమ్మిదో వేసవి. మోకాలెత్తున పేరుకుని కుళ్లుతుంది. బడికి నాచు సెలవులిచ్చేశారు. ఆ కుళ్లులోంచి వచ్చే విషగాలి నేలబారునే పాకుతుంది, వెండిని నల్లబరుస్తుంది. దాన్ని కొలవడమే నా ఉద్యోగం.

నాలుగు కొలత కేంద్రాల్లో నేను పాతించిన యంత్రాల్లో మూడు ఉప్పుగాలికి తుప్పుపట్టాయి. పేటలో ఆడవాళ్లు మాత్రం పడుకునే ముందు మెట్టెలు ముగ్గుతో తోముకుని, లేవగానే కాళ్లు చూసుకుంటారు. నల్లబడితే పిల్లల్ని తీసుకుని గుట్టెక్కేస్తారు. ఆ సంగతి నివేదికలో రాస్తే, అది కొలత కాదన్నారు పైవాళ్లు.

మొన్న మంగళవారం, ఒడ్డునే ఒంటరిగా ఉండే ఎల్లాయమ్మ స్పృహ తప్పి పడిపోయింది. మొగుడు పోయిన మనిషి. కాళ్లకు మెట్టెల్లేవు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు చూడబోయాను.

"కొత్త యంత్రం నీ గుమ్మంలోనే పెట్టిస్తానమ్మా."

"ఎప్పుడొస్తాది?"

"దసరాకి."

"నాచు రేపే వొస్తాది గదమ్మా."

సాయానికి వచ్చిన ఆమె కోడలు నూకరత్నం, పెట్టెలో దాచిన అత్త పాత మెట్టెలు తెచ్చింది గాని, తొడగడానికి జంకింది.

ఎల్లాయమ్మే కాలు చాపింది. "తొడుగే. మీ మావ ఏటీ అనుకోడు. ఆడు తొడిగినియ్యే గదా."

నేను కేంద్రాల పట్టికలో కొత్త గీత గీసి రాశాను. అయిదో కేంద్రం: ఎల్లాయమ్మ. స్థితి: పనిచేస్తోంది.